ఉత్తర తెలంగాణ ఎండలలో సెలయేటి లోచ్ చేపల పెంపకం

అక్వేరియం దుకాణాలలో హిల్‌స్ట్రీమ్ లోచ్ అనే పేరుతో లభించే చేపలు ఈ ప్రాంతానికి చెందినవి కావు. సెవెల్లియా లినియోలాటా వియత్నాం సెలయేళ్లలోను, బ్యూఫోర్టియా క్వైచౌవెన్సిస్ దక్షిణ చైనాలోను నివసిస్తాయి. మన దేశంలో వీటికి బంధువైన భవానియా ఆస్ట్రాలిస్ పశ్చిమ కనుమల వాగులలో కనిపిస్తుంది. బల్లపరుపు శరీరం, ఇరువైపులా వెడల్పుగా పరచుకొన్న రెక్కలు వీటిని వేగపు నీటిలో సైతం రాతికి అంటిపెట్టి ఉంచుతాయి. కుంటాల వద్ద కడెం నది వర్షాకాలంలో ఉరికే తీరును చూసినవారికి వీటి సహజ ఆవాసాన్ని ఊహించుకోవడం కష్టం కాదు. అయితే కడెం వేసవిలో సన్నని ధారగా మారుతుంది. ఈ చేపలకు మాత్రం చల్లని ప్రవాహం ఏడాది పొడవునా కావాలి.

కరీంనగర్, ఆదిలాబాద్ పట్టణాలలో వీటి మరణానికి ప్రధాన కారణం మేత లోపమని పలువురు భావిస్తారు. అసలు కారణం ఎక్కువగా వేడిమి. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు నీటిలో సుమారు 9.1 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగగలదు; 30 డిగ్రీల వద్ద అది 7.6 మిల్లీగ్రాములకు తగ్గుతుంది. వేడి పెరిగిన కొద్దీ చేప శ్వాస అవసరం కూడా పెరుగుతుంది. మే నెలలో వెలుపల 43 డిగ్రీలు దాటినప్పుడు గదిలోని తొట్టె నీరు 30 డిగ్రీలు మించడం వింత కాదు. ఈ చేపలకు 20 నుండి 24 డిగ్రీలు అనుకూలం.

నీటి ఉపరితలంపై చిన్న ఫ్యాను గాలి తగిలేటట్లు అమర్చితే ఆవిరి కారణంగా నీరు రెండు మూడు డిగ్రీలు చల్లబడుతుంది. మట్టికుండ సూత్రమే ఇది. పొడిగాలి వీచే ఏప్రిల్, మే నెలలలో బాగా పనిచేస్తుంది, తేమ నిండిన జూలైలో అంతగా పనిచేయదు. ఆవిరైన నీటి స్థానంలో బోరు నీరు పోస్తూ ఉంటే లవణాలు పేరుకొంటాయి. వాననీరు గాని ఆర్.ఓ. నీరు గాని మేలు. మంచుగడ్డలు వేయడం వలన ఉష్ణోగ్రత హఠాత్తుగా మారి మరింత హాని కలుగుతుంది. చిల్లర్ కొనలేనివారు, ఫ్యానుతో నీరు 26 డిగ్రీలకైనా దిగదని తెలిసినప్పుడు, ఈ చేపలను కొనకపోవడమే ఉచితం.

రాళ్ల ఎంపిక కూడా ముఖ్యమే. కరీంనగర్ గ్రానైటు నీటి గుణాన్ని మార్చదు. మంచిర్యాల పరిసరాల సున్నపురాయి మాత్రం నీటి కాఠిన్యాన్ని, ఉదజని సూచికను పెంచుతుంది. రాతిపై నిమ్మరసం వేసినప్పుడు బుడగలు వస్తే దానిని వాడరాదు. ఉదజని సూచిక పెరిగిన కొద్దీ అమ్మోనియా విషప్రభావం అధికమవుతుంది. యూరియా వేసిన మాగాణిలో జరిగే నత్రీకరణమే ఇక్కడి వడపోతలోనూ జరుగుతుంది. ఆ సూక్ష్మజీవులు స్థిరపడడానికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు చేపలను విడువరాదు.

వీటి ఆహారం రాళ్లపై పెరిగే పలుచని నాచుపొర. రెండు వరుసల రాళ్లు ఉంచుకొని, ఒక వరుసను ఎండ తగిలే నీటి తొట్టెలో నాచు పట్టనిచ్చి, వారానికొకసారి మార్చుకోవాలి. రాగి కలిసిన మందులు వీటికి ప్రమాదకరం. విద్యుత్ నిలిచిపోతే ప్రాణవాయువు వేగంగా తగ్గుతుంది కనుక బ్యాటరీతో నడిచే గాలి పంపును వేసవి రాకముందే సిద్ధం చేసుకోవాలి.