కోబాల్ ఇచ్చారని బెంగపడకు

అమ్మలూ,

నీకు మెయిన్‌ఫ్రేమ్ మీద కోబాల్ ప్రాజెక్టు ఇచ్చారని, అబ్సొలీట్ టెక్నాలజీలో పడేశారని నువ్వు దిగులుపడుతున్నావని నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఆ పనిలోనే ఉద్యోగం చేసినవాణ్ణి కాబట్టి నీకు రాయాలనిపించింది.

దేన్నైనా అబ్సొలీట్ అనాలంటే పాతబడితే చాలదమ్మా, వాడుకలోంచి పోవాలి. టెలిగ్రామ్ అలా పోయింది. దాని పనంతా ఫోన్లు, ఎస్సెమ్మెస్‌లు అందుకున్నాక 2013 జూలైలో మన దేశంలో ఆ సర్వీసే ఆపేశారు. ఇంకా వాడుకలో ఉండి, పోయే దారి పట్టినదాన్ని అబ్సొలెసెంట్ అంటారు. ఆఫీసు మెయిల్స్‌లో ఈ రెండూ కలిపేయకు. బతికున్న సిస్టమ్‌ని అబ్సొలీట్ అని రాస్తే, దాన్ని ఇవాళే ఆపేయొచ్చని పైవాళ్లు అనుకునే ప్రమాదముంది. మనుషుల గురించైతే ఆ మాట అసలు వాడకు.

నీకిచ్చిన కోబాల్ భాష పుట్టింది 1959లో. వయసు సంగతి నిజమే. కానీ బ్యాంకుల్లో, బీమా కంపెనీల్లో ఇప్పటికీ దాని మీద లెక్కలు నడుస్తున్నాయి. కరోనా వచ్చిన 2020 ఏప్రిల్‌లో నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తి పాత కోబాల్ సిస్టమ్‌లు తట్టుకోలేకపోతే, అమెరికాలో న్యూజెర్సీ గవర్నర్ ఫిల్ మర్ఫీ కోబాల్ తెలిసినవాళ్లు సాయానికి రావాలని అందరి ముందూ అడిగాడు. కరువు ఆ పని తెలిసిన మనుషులకే వచ్చింది!

మన వైపు నుంచి అమెరికా వెళ్లిన సాఫ్ట్‌వేర్ వాళ్లలో చాలామందిని విమానం ఎక్కించింది కూడా ఈ కోబాలే. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలే ఉండేవి. 2000 రాగానే అవి 1900 అనుకుంటాయని భయం. వాటిని దిద్దడానికి అమీర్‌పేటలో కోర్సులు చేసి ఎంతోమంది వెళ్లారు. ఆ రెండంకెలు కూడా తెలివితక్కువగా పెట్టినవి కావు. పంచ్‌కార్డుకి 80 గళ్లే, మెమరీ చూస్తే బంగారమంత ఖరీదు.

డబ్బు లెక్క దగ్గర దీని విలువ నీకే తెలుస్తుంది. మామూలు ఫ్లోటింగ్ పాయింట్‌లో 0.1కి 0.2 కలిపితే కచ్చితంగా 0.3 రాదు. నువ్వు రోజూ చూడబోయే కాంప్-3 ఫీల్డు అంకెల్ని అంకెలుగానే, బైటుకి రెండేసి చొప్పున దాచుకుంటుంది. చివరి సగం బైటులో ప్లస్సో మైనస్సో ఉంటుంది. అందుకే పైసా తేడా రాదు. అందులో అంకె కానిదేదైనా పడి, దానితో లెక్క చేయబోతే జాబ్ అక్కడికక్కడే ఆగిపోతుంది. దాన్నే సాక్ సెవెన్ అంటారు. అర్ధరాత్రి అది వస్తే కంగారుపడకు. డంప్ తెరిచి ఏ ఫీల్డులో ఏముందో చూడు. చాలాసార్లు సున్నాలు ఉండాల్సిన చోట స్పేస్‌లు కనిపిస్తాయి.

మీ టీమ్‌లో రిటైర్మెంటుకి దగ్గరపడ్డవాళ్లు ఉంటే వాళ్లని వదలకు. ప్రోగ్రాములో ఒక వింత షరతు కనబడితే అది ఎందుకు పెట్టారో అడుగు, తేదీ వేసి రాసిపెట్టుకో. భాష కొన్ని నెలల్లో వచ్చేస్తుంది. ఆ షరతు వెనకున్న కారణం మాత్రం చాలా చోట్ల ఒకళ్లిద్దరి బుర్రల్లోనే ఉంటుంది, వాళ్లతోనే వెళ్లిపోతుంది.

అలాగని నీ జావాని మూలన పడేయకు. పాత సిస్టమ్‌ని కొత్తదానిలోకి మార్చే పనికి రెండూ తెలిసినవాళ్లే కావాలి. ఊరికే టికెట్లు క్లోజ్ చేయించడమే తప్ప కోడ్ ముట్టుకోనివ్వకపోతే మాత్రం, మేనేజర్‌ని మొహమాటపడకుండా అడిగి వేరే పని తీసుకో.

నా దగ్గర మెయిన్‌ఫ్రేమ్‌లో జాబ్‌లు నడిపే జేసీఎల్ మీద పుస్తకం ఉంది, నాన్నతో పంపిస్తున్నాను. మొదటి సాక్ సెవెన్ వచ్చినప్పుడు ఏ వేళైనా సరే ఫోన్ చెయ్యి.

ఆశీస్సులతో,
పెదనాన్న