లెక్కల డిగ్రీతో ఆఫీసర్ కాగలనా?

మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లె. బీఎస్సీ మూడో ఏడు చదువుతున్నాను. మేథ్స్ మేజర్, ఫిజిక్స్ మైనర్. నాకు ఇరవై ఏళ్లు. ఎన్‌సీసీలో ‘బి’ సర్టిఫికెట్ వచ్చింది, ఈ ఏడాది ‘సి’ పరీక్ష రాస్తాను. ఆర్మీలో ఆఫీసర్ని కావాలని నా కోరిక. నాన్న హవల్దారుగా రిటైరయ్యారు, ఆయనైనా సరేనంటారనుకున్నాను. ‘‘ఆఫీసర్లంటే ఇంజినీరింగు చదివి ఇంగ్లీషు గలగలా మాట్లాడేవాళ్లమ్మా, మనకెందుకు?’’ అన్నారు. అమ్మేమో బీఎడ్ చేసి డీఎస్సీ రాయమంటోంది. సంబంధాలు చూస్తామని కూడా అంటున్నారు. నాకు నిజంగా దారి ఉందా?

— ఒక పాఠకురాలు

అమ్మాయీ,

ఉంది. ఇంజినీరింగు అడిగేది టెక్నికల్ ఎంట్రీలకు. చెన్నైలోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీకి ఏ డిగ్రీ అయినా చాలు. 1992 నుంచి అక్కడ ఆడపిల్లలు శిక్షణ పొందుతున్నారు.

నీ ఉత్తరంలో ఎన్‌సీసీ ముచ్చట ఒక్క ముక్కలో తేల్చేశావు. నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించింది అదే. ‘సి’ సర్టిఫికెట్‌లో కనీసం ‘బి’ గ్రేడు, డిగ్రీలో 50 శాతం మార్కులు ఉంటే ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీకి దరఖాస్తు చేయొచ్చు. రాతపరీక్ష ఉండదు, షార్ట్‌లిస్ట్ అయితే నేరుగా ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూకే పిలుస్తారు. కాబట్టి ఈ ఏడాది ‘సి’ పరీక్షను సెమిస్టర్ పరీక్షలంత గట్టిగా పట్టుకో.

రెండోది, యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు పెట్టే సీడీఎస్. చెన్నై అకాడమీకి రాసేవాళ్లకు ఇందులో లెక్కల పేపరే లేదు! ఇంగ్లీషు, జనరల్ నాలెడ్జి, చెరో వంద మార్కులు. ఎయిర్‌ఫోర్స్ పెట్టే ఏఎఫ్‌క్యాట్‌లో లెక్కలు ఉన్నా పదో తరగతి స్థాయివే. దానికి డిగ్రీలో 60 శాతం కావాలి. అంటే ఈ పరీక్షల్లో నిన్ను గట్టెక్కించేది కాలిక్యులస్ కాదు, ఇంగ్లీషు.

ఆ ఇంగ్లీషు గురించి మీ నాన్నగారికి ఉన్న భయం తీసిపారేయదగ్గది కాదు. కానీ ఎస్‌ఎస్‌బీలో చూసేది గలగలా మాట్లాడటం కాదు. ఐదు రోజులు అక్కడే ఉంచి, ఆలోచన, తెగువ, నలుగురితో కలిసి పనిచేసే తీరు చూస్తారు. ఒక పరీక్షలో తెర మీద ఒక్కో మాట పదిహేను సెకన్లు కనిపిస్తుంది. ఆ లోపే దానితో ఒక వాక్యం రాయాలి. అలా అరవై మాటలు. చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలు తడుముకోకుండా రాయగలిగితే చాలు. రోజూ సాయంత్రం మీ నాన్నగారిని వాచీ పట్టుకుని మాటలు అడగమను. ఆయన చేయి పడితే ఆయన అనుమానమూ కొంత తగ్గుతుంది. మొదటిసారి వెనక్కి పంపితే బెంబేలెత్తకు. రెండోసారి, మూడోసారి నెగ్గినవాళ్లు ఎందరో ఉన్నారు.

ఇక అమ్మ మాట. ఆమె కోరేది టీచరు ఉద్యోగం, నువ్వు కోరేది యూనిఫాం. నేవీలో ఎడ్యుకేషన్ బ్రాంచి అని ఒకటుంది. 60 శాతంతో ఎమ్మెస్సీ మేథ్స్, డిగ్రీలో ఫిజిక్స్ ఉన్నవాళ్లను అందులో ఆఫీసర్లుగా తీసుకుంటారు, ఆడపిల్లలను కూడా. పని పాఠాలు చెప్పడమే, అదీ నేవీ వాళ్లకు. అందుకే డిగ్రీ అవగానే బీఎడ్‌కు కాకుండా ఎమ్మెస్సీకి వెళ్లమంటాను. చదువుతూనే మిగతా ప్రయత్నాలు చేసుకోవచ్చు. బీఎడ్ ముప్ఫై ఏళ్లకైనా చేయొచ్చమ్మా, ఈ దారులు మాత్రం ఇరవై ఐదు దగ్గర మూసుకుపోతాయి. ఈ మాట అమ్మతో సూటిగా చెప్పు.

పెళ్లి సంగతీ దాచకుండా మాట్లాడు. దరఖాస్తు నాటికి పెళ్లయి ఉండకూడదు, శిక్షణలో చేసుకోకూడదు. ఆ తర్వాత నీ ఇష్టం. చెన్నైలో శిక్షణ ఏడాదిలోపే, అప్పుడే నెలకు 56,100 రూపాయల స్టైపెండ్ ఇస్తారు. మూడేళ్లు గడువు అడుగు. ఇంట్లో ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, నోటిఫికేషన్ పడిన రోజే దరఖాస్తు పెట్టు.