ఒక్క కీలు హఠాత్తుగా వాచినప్పుడు

ఈ పత్రికలో పశువుల ఆరోగ్యం గురించి తరచు రాస్తుంటాము. ఈసారి పశువును సాకే మనిషి కీలు గురించి రాస్తున్నాము. మేము వైద్యులం కాము, సహకార డిప్లొమా చదివి లెక్కలు తనిఖీ చేసేవాళ్లం. అయితే బాటసింగారం చుట్టుపక్కల సంఘాలకు వెళ్లినప్పుడు, పాల రిజిస్టరులో ఒక సభ్యుని పేరు ఎదుట వారం పది రోజులు ఖాళీ కనిపిస్తే కారణం అడుగుతాము. "మోకాలు వాచిందండీ, కూర్చుని పాలు పిండలేకపోతున్నాడు" అనే జవాబు మాకు కొత్త కాదు. ఏం చేశారని అడిగితే పసరు కట్టామని ఒకరు, ఊళ్లోనే సూది వేయించామని ఒకరు చెబుతారు. వారం అలా గడిచిపోతుంది.

ఆ వారమే ప్రమాదం. నాలుగైదు కీళ్లు ఒకేసారి పట్టుకుంటే, 2006లో చికున్‌గున్యా నాడు చూసినట్లు, అది వేరే కథ. ఒకే ఒక్క కీలు, గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో వాచి, ముట్టుకుంటే వేడిగా ఉండి, కదిలిస్తే ప్రాణం పోయినంత నొప్పి పెడితే, కాదని తేలేవరకు లోపల చీము ఉన్నట్లే వైద్యులు భావిస్తారు. ఎముకల చివర ఉండే మృదులాస్థికి రక్తనాళాలు ఉండవు. చీము పడితే అది కొద్ది రోజుల్లోనే కరిగిపోతుంది, పోయింది మళ్లీ సరిగా పెరగదు. క్రిములు రక్తంలో కలిస్తే ప్రాణానికే ముప్పు. జ్వరం లేదు కదా అని నిబ్బరంగా ఉండరాదు. ఇలాంటి రోగులలో ఇంచుమించు సగం మందికి జ్వరం కనిపించదు. చక్కెర జబ్బు ఉన్నవారు, వృద్ధులు, కృత్రిమ కీలు వేయించుకున్నవారు, కాలికి ముల్లు దిగి పుండు పడినవారు మరీ జాగ్రత్తగా ఉండాలి.

వాపు ఎక్కడుందో ముందు చూడండి. మోకాళ్ల మీద ఆని పనిచేసేవారికి మోకాలి చిప్ప మీది చర్మం కింద తిత్తిలా వాస్తుంది. అప్పుడు కాలు మెల్లగా ముడిస్తే చాలామేరకు ముడుచుకుంటుంది. కీలు లోపలే వాచితే ఏ వైపు కదిపినా నొప్పే. బర్రె తన్నిందా, జారి పడ్డారా అన్నదీ అడగాలి. రక్తం పలచబడే మాత్రలు వాడేవారికి చిన్న దెబ్బకే కీలులో రక్తం చేరుతుంది.

ఇక గౌట్. రాత్రి పడుకున్నవాడు కాలి బొటనవేలి మొదట మంటతో లేస్తాడు, ఒక్క రోజులో నొప్పి పతాకస్థాయికి చేరుతుంది. చీముకూ దీనికీ పైకి తేడా తెలియదు. రక్తంలో యూరిక్ ఆమ్లం చూపించే చీటీ పట్టుకుని తీర్పు చెప్పేవారున్నారు. నొప్పి వచ్చిన రోజుల్లో ఆ అంకె మామూలుగా ఉండవచ్చు, ఎక్కువున్నా గౌట్ అని రుజువు కాదు. రెండూ కలిసి వచ్చే సందర్భాలూ ఉన్నాయి. ఇక్కడ మన వృత్తికి సంబంధించిన మాట ఒకటి. గౌట్ ఉందని పాలు మానిపించే ఇళ్లను చూశాము. అమెరికాలో 47 వేల మందికి పైగా పురుషులను 12 ఏళ్లు గమనించి 2004లో ప్రకటించిన పరిశీలనలో, పాల పదార్థాలు, ముఖ్యంగా వెన్న తీసినవి, ఎక్కువగా తీసుకునేవారికి గౌట్ తక్కువగా వచ్చింది. మాంసం, చేపలు ఎక్కువగా తినేవారికి ఎక్కువగా వచ్చింది. మానవలసింది పాలు కాదన్న మాట.

మరి తేల్చేదేమిటి? మనం పాలను కంటితో చూసి వెన్న శాతం రాయము, శాంపిల్ తీస్తాము. కీలు సంగతీ అంతే. వైద్యుడు సూదితో కీలులోని ద్రవాన్ని కొంత తీసి పరీక్షకు పంపుతాడు. మైక్రోలీటరుకు తెల్లకణాలు 50,000 దాటితే చీము అనుమానం బలపడుతుంది. తక్కువైనంత మాత్రాన కొట్టివేయరు. సూక్ష్మదర్శినిలో సూదుల వంటి స్ఫటికాలు కనిపిస్తే గౌట్. క్రిమిని పెంచి చూస్తే ఏ మందుకు లొంగుతుందో తెలుస్తుంది. ఎక్స్‌రే తొలి రోజుల్లో మామూలుగానే కనిపిస్తుంది, విరుగుళ్లకు మాత్రం పనికివస్తుంది. శాంపిల్ తీయకముందే ఊళ్లో క్రిమినాశక మందు పడితే క్రిమి దొరకకపోవచ్చు. క్యానులో నీళ్లు కలిపాక శాంపిల్ తీసినట్లే అది.

పట్నం వైద్యుడికి తట్టని కారణం ఒకటి మన కొట్టంలోనే ఉంది. ఈసుడు రోగం, అంటే బ్రుసెల్లోసిస్. దీని క్రిమిని 1887లో మాల్టా దీవిలో డేవిడ్ బ్రూస్ కనిపెట్టాడు. చూడి చివరి నెలల్లో ఈసుకుపోయిన ఆవు మాయను వట్టి చేతులతో తీసినా, పచ్చిపాలు తాగినా మనిషికి వస్తుంది. వచ్చిపోయే జ్వరం, చెమటలు, నడుము నొప్పి, ఒక్కోసారి తుంటిదో మోకాలిదో ఒక్క కీలు వాపు. దీనికి రెండు మందులు కలిపి కనీసం ఆరు వారాలు వాడాలి. నాలుగు రోజుల మాత్రలతో తగ్గినట్లే ఉండి మళ్లీ తిరగబెడుతుంది. పాలు కాచి తాగితే ఈ క్రిమి చస్తుంది. 2019లో మొదలైన కేంద్ర పథకం కింద 4 నుండి 8 నెలల పెయ్యలకు జీవితంలో ఒకసారి టీకా వేస్తారు. ఈసుకుపోయిన పశువు ఉంటే 1962కు ఫోను చేసి పశువైద్యుని సలహా తీసుకోవాలి.

కార్యదర్శులు చేయగలిగింది ఉంది. కీలు వాచిన సభ్యుణ్ణి ఆ రోజే విజయవాడ రోడ్డు మీదుగా ఎల్.బి.నగర్‌కో దిల్‌సుఖ్‌నగర్‌కో, ఎముకల వైద్యుడున్న ఆసుపత్రికి పంపండి. చలి జ్వరంతో సోలిపోతుంటే 108 పిలవండి. వెంట ఒక చీటీ రాసి ఇవ్వండి: వాపు ఏ రోజు ఏ వేళ మొదలైంది, దెబ్బ తగిలిందా, ఇదివరకు వచ్చిందా, చక్కెర జబ్బు ఉందా, పచ్చిపాలు తాగే అలవాటు ఉందా, ఇంట్లో పశువు ఈసుకుపోయిందా, ఇప్పటికే ఏ మందులు వాడారు. ఊళ్లో వేసిన సూదిమందు పేరు తెలియకపోతే ఖాళీ సీసానే చీటీతోపాటు సంచిలో వేసి పంపండి.