రోగం ఇంటిదా, వీధిదా?



బిడ్డకు విరేచనాలు పట్టుకున్నాయనగానే మొదటి మాట తల్లి మీదికే పోతుంది. "ఏం పెట్టావమ్మా? చేతులు కడిగావా?" అని అత్తగారు అడుగుతారు, తర్వాత డాక్టరుగారు అడుగుతారు. అడగవలసిన మాటే. కాని అదే వారంలో అదే వీధిలో మరో నలుగురు పిల్లలు పడకేస్తే, అయిదుగురు తల్లులూ ఒక్కసారే అజాగ్రత్తగా ఉన్నారనుకోవటం న్యాయమేనా? అప్పుడు ప్రశ్న వేయవలసింది వీధిని.

మౌలాలినే చూడండి. కొండ, రైల్వే లైన్లు, షెడ్లు, పారిశ్రామిక వాడ, వీటి నడుమ కాలనీలు, బస్తీలు. అడుగున గ్రానైటు రాయి. వాన నీరు రాతిలో తేలిగ్గా ఇంకదు, పల్లానికి పరుగెడుతుంది. రాయి పైకే తగిలే చోట గొట్టాలు లోతుగా వేయటమూ కష్టమే. ఇరుకు సందులో మంచినీటి గొట్టం, మురుగు గొట్టం పక్కపక్కనే పడితే ఏమవుతుందో తెలుసుకోవాలి.

మన నగరంలో నల్లా రోజంతా రాదు. నీళ్లు వదిలినప్పుడు గొట్టంలో ఒత్తిడి ఉంటుంది కాబట్టి, పగులు ఉంటే నీరు బయటికి కారుతుంది. నీళ్లు ఆపేశాక గొట్టం ఖాళీ అవుతుంది. అప్పుడు అదే పగులు చుట్టూ నిలిచిన మురుగును లోపలికి లాగుతుంది. ఎవరైనా నల్లాకు నేరుగా మోటారు బిగిస్తే ఆ లాగుడు మరీ ఎక్కువ. (మోటారు పెట్టినవారు నీళ్లు బాగా వస్తున్నాయని సంతోషిస్తారు, ఏ నీళ్లో చూసుకోరు!) మళ్లీ నల్లా రాగానే మొదటి బిందెలో పడేది ఆ కలిసిన నీరే. తల్లి ఎన్నిసార్లు చేతులు కడిగినా ఆ బిందెను ఏం చేయగలదు?

ఇది ఊహ కాదు. 2009 మే నెలలో మనకు దూరం కాని ముషీరాబాదు ప్రాంతంలోని భోలక్‌పూర్‌లో తాగునీటిలో మురుగు కలిసింది. తోళ్ల గోదాములు, పాత సామాను దుకాణాలు, ఇళ్లు కిక్కిరిసిన వాడ అది. వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు, పలువురు ప్రాణాలు కోల్పోయారు. వారందరూ నల్లా తిప్పి నీళ్లు తాగినవారే.

లండన్‌లో 1854లో ఇటువంటి కలరాయే వచ్చి, ఒక్క పేటలో సుమారు 600 మందిని తీసుకుపోయింది. జాన్ స్నో అనే వైద్యుడు ఏ ఇంట్లో ఎందరు పోయారో విచారిస్తూ వెళ్లాడు. ఆ మరణాలు దాదాపు అన్నీ ఒక చేతిపంపు చుట్టూనే అని తేలింది. కలరా క్రిమి సంగతి ఆయన ఎరుగడు. అయినా సెప్టెంబరు 8న ఆ పంపు పిడి తీయించగలిగాడు. మన వీధికి కావలసింది అటువంటి లెక్కే. ఎవరింట్లో, ఏ తేదీన, ఏ నల్లా నీళ్లు అన్నది నోటుపుస్తకంలో రాయటానికి పెద్ద చదువు అక్కరలేదు. విచారణలో వాడవారీగా ప్రార్థనకు కూడే కుటుంబాలు ఈ పని మొదలుపెట్టవచ్చు. అయితే మన ఇళ్లతోనే ఆపకూడదు. ముస్లిం సోదరుల ఇల్లు, హిందూ సోదరుల ఇల్లు కూడా ఆ గొట్టం మీదనే ఉన్నాయి.

దోమల విషయమూ అంతే. మన సికింద్రాబాదు పొరుగున బేగంపేటలోనే 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. అంతకుముందు అది చెడు గాలి వల్ల వస్తుందనుకునేవారు, ఆ పేరుకు అర్థమే అది. ఇక డెంగీ దోమకు మురుగు అక్కరలేదు. కూలరులో, మూతలేని డ్రమ్ములో, పాత టైరులో నిలిచిన మంచినీరే దానికి చాలు. అది పుట్టిన చోటు నుంచి 400 మీటర్లు దాటి పోవటం అరుదు. అంటే మిమ్మల్ని కుట్టిన దోమ మీ ఇంట్లోనో, నాలుగిళ్ల అవతలనో పుట్టినదే. గుడ్డు దోమ కావటానికి వారం, పది రోజులు పడుతుంది కనుక వారానికి ఒకరోజు వీధి వీధంతా డ్రమ్ములు వంచి ఆరబెట్టాలి. ఒక్క ఇల్లు మానేసినా మిగతావారి శ్రమ వృథా.

ఇంట్లో చేయదగినవి: నల్లా రాగానే మొదటి నీళ్లు తాగటానికి పట్టకండి. తాగే నీరు కాచి చల్లార్చండి. విరేచనాలైతే లీటరు కాచిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, తలకొట్టి కొలిచి కలిపి, కొద్దికొద్దిగా తాగిస్తూ ఆసుపత్రికి తీసుకుపోండి.

వీధికి చేయవలసినది వేరు. నల్లా చివర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. జలమండలి సిబ్బందిని మీ ఎదుటే పరీక్ష చేయమనండి. చుక్కల మందు వేస్తే నీరు పసుపు రంగుకు తిరగాలి. వాసన, రంగు తేడాగా ఉంటే 155313కు ఫోన్ చేయండి. ఒక్కరు కాదు, నోటుపుస్తకంలో పేర్లున్న ఇళ్లవారంతా విడివిడిగా చేయండి. ప్రతి ఒక్కరూ ఫిర్యాదు నంబరు అడిగి, తేదీతో సహా ఆ పుస్తకంలోనే రాసుకోండి.