అన్వేషణ ఆధారిత సైన్స్ బోధన: 5ఈ నమూనా, హోషంగాబాద్ ప్రయోగం

టెట్, డీఎస్సీ అభ్యర్థులు బోధనా పద్ధతుల్లో వదిలేయకూడని అంశమిది. విద్యార్థే స్వయంగా కనుగొనాలనే హ్యూరిస్టిక్ పద్ధతికి ప్రచారకర్త బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త హెచ్.ఇ. ఆర్మ్‌స్ట్రాంగ్. పాఠ్యప్రణాళికలో విస్తృతంగా వాడే 5ఈ నమూనాను 1980లలో అమెరికాలోని బీఎస్‌సీఎస్ సంస్థలో రోజర్ బైబీ బృందం రూపొందించింది. ఇంగ్లిష్‌లో 'ఈ'తో మొదలయ్యే దాని ఐదు సోపానాలు: నిమగ్నం చేయడం, అన్వేషణ, వివరణ, విస్తరణ, మూల్యాంకనం.

వరుస చాలా ముఖ్యం. అన్వేషణ ముందు, వివరణ తర్వాత. లోలకం పాఠాన్నే తీసుకోండి. సూత్రం బోర్డు మీద రాసేస్తే అన్వేషణ అక్కడితో ఆగిపోతుంది. దారం, రాళ్లు ఇచ్చి, ఊగడానికి పట్టే కాలం దేన్నిబట్టి మారుతుందో ముందుగా ఊహించమనాలి. ఒకసారి రాయి బరువు మాత్రమే, మరోసారి దారం పొడవు మాత్రమే మార్చాలి. పది డోలనాలకు పట్టే కాలాన్ని నమోదు చేయాలి. బరువు మారినా కాలం మారదని, పొడవు పెరిగితే పెరుగుతుందని పిల్లలే చెబుతారు. చరరాశుల నియంత్రణ అంటే ఇదే!

మన దేశంలో అన్వేషణ ఆధారిత బోధనకు గొప్ప ఉదాహరణ మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమం. 1972లో 16 మాధ్యమిక పాఠశాలల్లో మొదలైంది. కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ సంస్థలు దీన్ని ప్రారంభించాయి; 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ కొనసాగించింది. పాఠ్యపుస్తకం పేరు 'బాల వైజ్ఞానిక్'. పరీక్షలో పుస్తకం చూసి రాసే వీలుండేది, ప్రయోగాలకూ మార్కులుండేవి. మూల్యాంకనాన్నీ మార్చడమే దాని అసలు బలం. రాష్ట్ర ప్రభుత్వం దీన్ని 2002లో నిలిపివేసింది.