కొండకు నిప్పు - చెరువుకు ముప్పు

శివరాత్రితో చలి వెనుదీయును. నల్లమల, ఎర్రమల, శేషాచలం కొండలలో టేకు, నల్లమద్ది, చిరుమాను, తునికి చెట్లు అప్పటికే ఆకు రాల్చియుండును. నేలపై ఎండుటాకు దట్టముగా పరచుకొనియుండును. వాలులపై బోదగడ్డి నిలువునా ఎండియుండును. ఇట్టి సమయమున ఒక్క నిప్పురవ్వ చాలును. ఫిబ్రవరి మొదలు తొలకరి వానలు పడువరకు మన కొండలకు ఇది గండకాలము.

అడవి కాలినచో నష్టము అటవీశాఖకే గాని మనకేమి అని కొండక్రింది గ్రామములలో కొందరు తలంతురు. ఇది పొరపాటు. కాలిన కొండనుండి కొట్టుకొనివచ్చు మన్ను చేరునది మీ చెరువులోనికే. వేసవిలో ముందుగా అడుగంటునది మీ బావియే. కనుక ఈ మంటలు ఎట్లు పుట్టునో, ఏమి చెరుపు చేయునో, వానిని ఎట్లు ఆపవలెనో ప్రతి రైతును తెలిసికొనుట అవసరము.

నిప్పు ఎక్కడినుండి వచ్చును?

వెదుళ్ళు ఒరసికొని నిప్పు పుట్టునని పెద్దలు చెప్పుదురు. పిడుగుపాటు వలన కూడ మంటలు పుట్టవచ్చును. కాని మన ఆకురాలు అడవులలో దాదాపు అన్ని మంటలకును మనుష్యుని చేయియే కారణము. ఇప్పపువ్వు ఏరువారు పువ్వు సులభముగా కనబడుటకై చెట్టు క్రింది ఆకు కాల్తురు. తునికాకు లేతగా చిగురించునని కొందరు పొదలకు నిప్పు పెట్టుదురు. కాపరులు క్రొత్త పచ్చిక కొరకు ఎండుగడ్డిని కాల్తురు. తేనె తీయువారి దివిటీలు, బాటసారులు ఆర్పక పారవేసిన బీడీలు, యాత్రికులు వంట చేసి విడిచిన పొయ్యిలు మరికొన్ని కారణములు. అడవి అంచున పొలమున్న రైతులు కందికట్టె, ప్రత్తికట్టె కాల్చునపుడు గాలి తిరిగి నిప్పు కొండనెక్కుటయు కలదు.

వీరిలో అడవిని పాడుచేయవలెనని నిప్పు పెట్టువారు అరుదు. ఒక గంట పని తప్పించుకొనుటకు పెట్టిన నిప్పు ఒక కొండను కాల్చుచున్నది.

పచ్చిక బాగుగా వచ్చునా?

కాల్చిన చోట గడ్డి త్వరగా చిగుర్చునని కాపరులు అందురు. ఆ మాటలో కొంత నిజమున్నది. బూడిదలోని పొటాషు, సున్నము నేలకు చేరుటచే మొదటి చిగురు పచ్చగా వచ్చును. కాని ఆకులో ఉన్న నత్రజనిలో ఎక్కువ భాగము పొగతో గాలిలో కలిసిపోవును. నేలకు జీవమైన ఆకుఎరువు కాలిపోవును. మిగిలిన బూడిదను మొదటి వాన కడిగివేయును. ఏటేట కాల్చిన వాలుపై మేతకు మంచి గడ్డి తగ్గి, పశువు ముట్టని ముతకగడ్డియు, పులికంప వంటి పొదలును హెచ్చును. పొలములో పెంటను ఏటేట తగులబెట్టి పైరు వేసిన రైతు ఎంతకాలము పండించగలడో మీరే ఆలోచింపుడు.

ఇతర నష్టములు

మన అడవులలో మంట సాధారణముగా చెట్ల కొనలకు ఎక్కదు. నేలపైని ఆకును, గడ్డిని కాల్చుచు సాగును. పెద్దచెట్లు నిలిచియుండుటచే నష్టము లేదని తోచును. కాని విత్తనమునుండి మొలచిన పిల్లమొక్కలు చచ్చును. పెద్దచెట్ల మొదట బెరడు కాలి, ఆ గాయమునుండి చెదలు, బూజు ప్రవేశించి మాను బోలుపోవును. నేలపై గూడు కట్టు కౌజు, అడవికోడి మొదలగు పక్షుల గ్రుడ్లు నశించును.

అన్నిటికంటె పెద్ద నష్టము నీటికి కలుగును. ఎండుటాకు కొండకు కప్పిన దుప్పటి వంటిది. వానచినుకు దానిపై పడి మెల్లగా భూమిలోనికి ఇంకును. దుప్పటి కాలినచో చినుకు నేరుగా మన్నును కొట్టును. నేల పైపొర గట్టిపడి నీరు ఇంకక, మన్నును ఈడ్చుకొనుచు వాగులలో పడును. ఒక ఎకరము చెరువు గర్భములో ఒక సెంటీమీటరు మందమున ఒండ్రు చేరినచో సుమారు 40,000 లీటర్ల నీటికి చోటు తగ్గును. 50 ఎకరముల చెరువులో ఈ నష్టము 20 లక్షల లీటర్లు. పూడిక తీయుటకు అగు ఖర్చు మీకు తెలియనిది కాదు.

ముందు జాగ్రత్తలు

1. జనవరి, ఫిబ్రవరి నెలలలో అడవి అంచున, కాలిబాటల ప్రక్కన ఆకును, గడ్డిని ఊడ్చి మన్ను కనబడునట్లు గీత తీయవలెను. ఇట్టి గీతను దాటుటకు నేలమంటకు ఆహారము దొరకదు. గీత కనీసము 10 అడుగుల వెడల్పు ఉండుట మంచిది. గడ్డి ఎత్తుగా ఉన్నచోట ఇంకను వెడల్పు చేయవలెను. రిజర్వు అడవిలో ఈ పని అటవీశాఖవారి అనుమతితో, వన సంరక్షణ సమితి ద్వారా చేయవలెను.

2. గీత తీసిన పిదప రాలిన ఆకును వేసవి అంతయు మరల మరల ఊడ్చుచుండవలెను. ఒకసారి తీసి విడిచిన గీత ఏప్రిల్ నాటికి ఆకుతో నిండిపోవును.

3. ఇప్పచెట్టు క్రింద ఆకును చీపురుతో ఊడ్చి, పాతచీరలు గాని వలలు గాని పరచినచో పువ్వు మట్టి అంటక శుభ్రముగా దొరకును.

4. కొండను ఆనుకొనియున్న పొలములలో కట్టె, మోళ్ళు కాల్చరాదు. యంత్రముతో ముక్కలు చేసి నేలలో కలియదున్నినచో ఎరువగును.

5. గ్రామములో మంటలార్పుటకు 15, 20 మంది యువకులను ముందే ఎన్నుకొని, కత్తులు, పారలు, నీటికుండలు, టార్చిలైట్లు సిద్ధముగా ఉంచవలెను.

మంట కనబడినపుడు

2014 మార్చిలో తిరుమల కొండలపై మంటలు చెలరేగినపుడు వాయుసేన హెలికాప్టర్లు నీరు తెచ్చి పోసినవి. అట్టి సాయము ప్రతి గుట్టకును రాదు. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థవారు ఉపగ్రహముల ద్వారా మంటలను కనిపెట్టి, నమోదు చేసికొనినవారి ఫోనులకు సందేశములు పంపుచున్నారు. గ్రామాధికారులు తమ ఫోనును నమోదు చేయించుట మంచిది. కాని ఉపగ్రహము దినమునకు కొన్నిసార్లే మన పైనుండి పోవును. చిన్నమంట దానికి అందకపోవచ్చును. కొండక్రింద పశువులను కాయు వాని కన్ను దానికంటె ముందు చూడగలదు. పొగ కనబడిన వెంటనే అటవీ బీటు అధికారికి గాని, 101 లేక 112 కు గాని తెలుపవలెను.

మంటకు తల, తోక, రెండు ప్రక్కలు ఉండును. గాలి పోవు దిక్కున తల ఉండును. తలకు ఎదురుగా పోరాదు. తోకవద్ద మొదలిడి, కాలిన నేల ప్రక్కనుండి, రెండు వైపుల ఆర్పుచు తలను ఇరుకున పెట్టవలెను. పచ్చికొమ్మతో కొట్టునపుడు పైకెత్తి బాదినచో రవ్వలు ఎగిరి క్రొత్తచోట అంటుకొనును. కొమ్మను నేలకు అదిమి, కాలిన వైపునకు ఈడ్వవలెను. రాత్రి, తెల్లవారుజామున గాలి తగ్గి తేమ పెరుగుటచే మంట లొంగును. ఎదురుమంట పెట్టుట శిక్షణ పొందిన సిబ్బంది పని. ఇతరులు దానికి పూనుకొనరాదు.

ప్రాణరక్షణ

మంట వాలుపైకి మిక్కిలి వేగముగా ఎక్కును. ప్రతి 10 డిగ్రీల వాలుకు దాని వేగము సుమారు రెట్టింపగును. తమిళనాడులో తేని జిల్లా కురంగణి కొండలపై 2018 మార్చి 11న విహారమునకు పోయినవారు మంటలలో చిక్కుకొని, 20 మందికి పైగా మరణించిరి. కనుక మంటకు పైవాలున ఎన్నడును నిలువరాదు. పైకి పరుగెత్తరాదు. ప్రక్కకు తొలగి, ఇంతకుముందే కాలి చల్లారిన నేలకు గాని, బండనేలకు గాని, వాగు ఇసుకకు గాని చేరవలెను. నైలాను బట్టలు కరగి ఒంటికి అంటుకొనును గనుక నూలుబట్టలు, తోలుచెప్పులు ధరింపవలెను. పిల్లలను, వృద్ధులను తీసికొనిపోరాదు. కాలిన గాయముపై 20 నిమిషములు చల్లని నీరు పోసి ఆస్పత్రికి పంపవలెను. పసరులు, సిరా పూయరాదు.

మంట ఆరెనని వెంటనే ఇంటికి రారాదు. మొద్దులలో, పేడలో నిప్పు లోలోపల రాజుకొనుచు మరునాటి మధ్యాహ్నపు గాలికి మరల లేచును. అట్టివానిపై మన్ను కప్పి, నీరు చల్లి, ఒక దినమైనను కాపలా ఉండవలెను.

రిజర్వు అడవికి నిప్పు పెట్టుట చట్టరీత్యా నేరము. కాని ప్రతి గుట్టకు ఒక కాపలాదారుని పెట్టుట ఎవరితరము? ఇప్పపువ్వు ఏరువానిని, కాపరిని, గట్టు పొలము రైతును ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడగలవారు గ్రామపెద్దలే. సంక్రాంతి వెళ్ళిన వారములోనే గ్రామసభ జరుపుడు. గీత ఎచ్చట తీయవలెనో, ఎవరెవరు తీయవలెనో ఆనాడే నిర్ణయింపుడు. శివరాత్రి నాటికి ఆ పని ముగింపుడు. వానకాలములో మీ చెరువు అలుగు దగ్గర నిలిచి, వచ్చు నీటి రంగు చూడుడు. కొండ కాలినదో కాలలేదో ఆ నీరే చెప్పును.