రేడియల్ ఇంజన్ బిగించడం: లీడ్స్‌లోని మన మెకానికల్ వాళ్లకు

బీటెక్ మెకానికల్ చేసి, ఇక్కడ ఎంఎస్సీ ముగించి, రోజంతా ఎక్సెల్ షీట్ల ముందో గోడౌన్‌లో స్కానర్‌తోనో గడుపుతున్న మన వాళ్లు లీడ్స్‌లో చాలామంది ఉన్నారు. స్పానర్ పట్టుకుని ఎన్నాళ్లయిందో వాళ్లకే గుర్తుండదు. ఇంటర్వ్యూలో "మీ చేత్తో చేసిన పని ఒకటి చెప్పండి" అని అడిగితే ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు దగ్గరే మాట ఆగిపోతుంది. ఆ లోటు తీర్చే పనుల్లో నేను గట్టిగా సిఫార్సు చేసేది ఒకటుంది. అది పెద్ద మోడల్ విమానంలో పెట్రోల్ రేడియల్ ఇంజన్ బిగించడం.

ఈ పనికి లీడ్స్ పరాయి ఊరేమీ కాదు. 1885లో ఇక్కడే పుట్టిన రాబర్ట్ బ్లాక్‌బర్న్, రౌండ్‌హే రోడ్డులో స్కేటింగ్ రింకుగా ఉన్న ఒలింపియా భవనాన్ని 1914లో విమానాల ఫ్యాక్టరీగా మార్చాడు. రెండో ప్రపంచ యుద్ధంలో యీడన్‌లోని ఏవ్రో ఫ్యాక్టరీ లాంకాస్టర్లతో పాటు వేల యాన్సన్ విమానాలు తయారుచేసింది. యాన్సన్‌కు ఉన్నవి ఏడు సిలిండర్ల చీటా రేడియల్ ఇంజన్లే. యార్క్ దగ్గర ఎల్వింగ్టన్‌లోని మ్యూజియంలో హ్యాలిఫాక్స్ బాంబర్ ఉంది. లీడ్స్ నుంచి ముప్పై మైళ్ల లోపే. దాని హెర్క్యులిస్ రేడియల్ ఇంజన్ల ముందు అరగంట నిలబడి, గాలి ఎటు నుంచి వచ్చి ఎటు పోతుందో గమనించి రండి. తర్వాత చేయబోయే పని సగం అక్కడే అర్థమవుతుంది.

మోడళ్లలో వాడే రేడియల్ ఇంజన్లలో జపాన్ కంపెనీ సైటోవి, హంగరీ నుంచి వచ్చే మోకీవి బాగా పేరున్నవి. మూడు, ఐదు, ఏడు ఇలా బేసి సంఖ్యలోనే సిలిండర్లు ఉంటాయి. ఫోర్ స్ట్రోక్ కాబట్టి ఒకటి విడిచి ఒకటి పేలాలి, బేసి సంఖ్య అయితేనే ఆ వరుస సమానంగా కుదురుతుంది. ఐదు సిలిండర్ల ఇంజన్‌లో 1-3-5-2-4 వరుసలో, క్రాంక్ 144 డిగ్రీలు తిరిగినప్పుడల్లా ఒకటి పేలుతుంది. ఖరీదైన ఇంజన్లివి. మొదటిసారే సొంతంగా కొనకండి. మోడల్ విమానాల క్లబ్బులో ఇప్పటికే ఇంజన్, ఎయిర్‌ఫ్రేమ్ ఉన్న పెద్దాయన ఎవరైనా ఉంటే ఆయన పక్కన చేరి పని నేర్చుకోండి.

అన్నిటికంటే ఎక్కువ ఇంజన్లను చంపేది వేడి. ఇంజన్ చుట్టూ ఉండే కౌలింగ్ ముందు నోరు అంత పెద్దగా తెరుచుకుని ఉంటే గాలికి కొదవేముందనిపిస్తుంది. గాలి వస్తుంది, కానీ సిలిండర్ల మధ్య ఖాళీల్లోంచి జారుకుంటుంది. అసలు వెళ్లాల్సింది ఫిన్ల సందుల్లోకి, ముఖ్యంగా సిలిండర్ వెనక వైపుకు. 1920ల చివర్లో అమెరికాలో నాకా అనే విమాన పరిశోధన సంస్థ ఇంజనీర్లు, బ్రిటన్‌లో టౌనెండ్ అనే ఇంజనీరు తలపడిన సమస్యల్లో ఇదొకటి. మోడల్‌లోనూ పరిష్కారం అదే దారిలో ఉంది. పక్కపక్క సిలిండర్ల మధ్య ఖాళీని పలుచని అల్యూమినియం రేకుతోనో ఫైబర్‌గ్లాస్‌తోనో మూసేయాలి, ప్రతి సిలిండర్ వెనకా సన్నని దారి మాత్రం వదలాలి. దీన్నే బ్యాఫిల్ అంటారు. ముందు అట్టముక్కతో నమూనా కోసి, సరిచూసుకుని, తర్వాతే రేకు కత్తిరించండి. రేకు ఫిన్లకు తగలకూడదు. ఇంజన్ వణికినప్పుడు రాసుకుని రెండూ అరిగిపోతాయి.

లోపలికొచ్చిన గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది, కాబట్టి బయటికి పోయే దారి ఇంకా పెద్దది కావాలి. ఫిన్ల గుండా గాలి పోయే వైశాల్యానికి రెండు మూడు రెట్లు ఉంచడం మోడలర్ల ఆనవాయితీ. కౌలింగ్ అందం చెడుతుందని వెనక సందు తగ్గించమని విమానం యజమాని అడగొచ్చు. ఒప్పుకోకండి. విమానం పొట్ట కింద, బయటికి కనపడని చోట దారి పెంచుదామని చెప్పండి. బిగించాక ప్రతి సిలిండర్ ఉష్ణోగ్రతా విడివిడిగా కొలవాలి. ఒక్కదాన్ని కొలిచి మిగతావీ అంతేనని రాసుకోవడం మన కాలేజీ ల్యాబుల్లో అలవాటైన తప్పు. ఇక్కడ దానికి మూల్యం ఒక పిస్టన్.

ఇక రెండో సంగతి, కింద వేలాడే సిలిండర్లు. ఇంజన్ ఆగాక ఆయిలూ పెట్రోలూ మెల్లగా వాటిలోకి దిగుతాయి. ద్రవం నలగదు. స్టార్టర్ పెట్టి బలవంతంగా తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అందుకే ప్రతిసారీ ఇగ్నిషన్ ఆపి, దాని బ్యాటరీ కూడా తీసేసి, ప్రొపెల్లర్‌ను తిరగాల్సిన దిశలోనే చేత్తో నిదానంగా రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఆ రెండు చుట్లలో ప్రతి సిలిండరూ ఒకసారి కంప్రెషన్‌కు వస్తుంది. ఒక్కొక్కటీ మెత్తగా ఎదురునెట్టి వదిలేయడం చేతికి తెలుస్తుంది. ఒకచోట నెట్టుడే లేకుండా జారిపోయిందంటే వాల్వో ప్లగ్గో లీకవుతోంది. ఒకచోట గోడకు తగిలినట్టు ఆగిపోయిందంటే లోపల ద్రవం ఉంది, అంతటితో ఆపేయండి. కింది ప్లగ్గులు విప్పి అంతా కారనివ్వండి. వెనక్కి తిప్పి సరిచేద్దామనుకోవద్దు, ఆ ద్రవం ఇన్‌టేక్ పైపులోకి పోయి స్టార్ట్ చేయగానే మళ్లీ లోపలికే వస్తుంది.

మార్పుల విషయంలో నా అభిప్రాయం ఖచ్చితంగా చెబుతాను. క్రాంక్‌కేస్, క్యామ్, టైమింగ్ జోలికి పోకండి. మార్చాల్సిందంతా ఇంజన్ బయటే ఉంది: గాలి, ఇంధనం, మౌంటు, వైరింగు, ఎగ్జాస్ట్. ఒక ఉదాహరణ చూడండి. పరుగు తర్వాత ఐదు ప్లగ్గులు తీసి వరుసగా పెట్టారు. నాలుగు గోధుమ రంగులో ఉన్నాయి, ఒకటి తెల్లగా ఉంది. ఆ సిలిండర్‌కు పెట్రోల్ తక్కువ అందుతోంది. చాలామంది చేయి వెంటనే కార్బురేటర్ నీడిల్ మీదికి పోతుంది. కానీ ఐదింటికీ ఉన్నది ఒకటే కార్బురేటర్. నీడిల్ తిప్పితే ఐదూ మారతాయి, బాగున్న నాలుగూ చెడతాయి. చూడాల్సింది ఆ ఒక్క సిలిండర్ ఇన్‌టేక్ పైపు దగ్గరి సీలు, బిగింపు. అక్కడ గాలి లీకవుతుంటే ఆ ఒక్కదానికే మిశ్రమం పలుచబడుతుంది.

నైట్రో ఇంజన్లకు వాడే సిలికాన్ ట్యూబు పెట్రోల్‌కు పనికిరాదు, ఉబ్బి పాడవుతుంది. పెట్రోల్ కోసం చేసిన టైగాన్ ట్యూబు వాడండి. 2021 సెప్టెంబర్ నుంచి ఇక్కడి బంకుల్లో మామూలు పెట్రోల్ ఈ10. అందులోని ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, కార్బురేటర్ డయాఫ్రమ్‌లకూ మంచిది కాదు. ఈ5 సూపర్ కొనండి, వాడకం అయ్యాక ట్యాంకు ఖాళీ చేయండి. ఆయిల్ నిష్పత్తి తయారీదారు చెప్పినదే. 20:1 అని ఉంటే 5 లీటర్లకు 250 మిల్లీలీటర్లు, అంతకంటే తగ్గించకండి. ఇగ్నిషన్‌కు వేరే బ్యాటరీ పెట్టి, రిసీవర్‌కు దూరంగా ఉంచండి. సిగ్నల్ పోతే థ్రాటిల్ కనీస స్థాయికి పడిపోయేలా ఫెయిల్‌సేఫ్ పెట్టి, నేల మీదే పరీక్షించండి.

హేర్‌హిల్స్, హెడింగ్లీ వైపు బ్యాక్-టు-బ్యాక్ ఇళ్లలో అద్దెకుండేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఇంట్లో పెట్రోల్ నిల్వకు పరిమితి ఉంది. అధికారులకు తెలియజేయకుండా 30 లీటర్ల వరకే ఉంచుకోవచ్చు, అదీ సరైన డబ్బాల్లో. ప్లాస్టిక్ డబ్బా 10 లీటర్లు దాటకూడదు. వెనక పెరడు లేని ఇంట్లో, మెట్ల కింద పెట్రోల్ డబ్బా పెట్టొద్దు. ఇంజన్ నడపడం కూడా వీధిలో కాదు, క్లబ్బు మైదానంలోనే. మోడళ్ల శబ్దానికి 7 మీటర్ల దూరంలో 82 డెసిబెల్స్ అన్నది ఇక్కడ 1982 నుంచి ఉన్న ప్రమాణం. రేడియల్ శబ్దం చెవికి ఇంపుగానే ఉంటుంది, మీటరుకు ఆ ఇంపుతో పనిలేదు.

మోడల్ 25 కిలోలు దాటితే లార్జ్ మోడల్ అసోసియేషన్ నడిపే ప్రత్యేక పథకం కిందికి వస్తుంది, నిర్మాణంలో ఉండగానే ఇన్‌స్పెక్టర్ చూస్తారు. అంటే ఇంజన్ బిగించే ఫైర్‌వాల్‌ను ఎలా అతికించారో, బోల్టులు ఎలా బిగించారో కప్పేయకముందే ఆయనకు కనపడాలి. ఈ పద్ధతి చిన్న మోడల్‌కూ పాటించండి. ప్రతి దశలో ఫోటో, తేదీ, కొలత, వాడిన జిగురు, థ్రెడ్‌లాక్ రకం, ప్రతి సిలిండర్ ఉష్ణోగ్రత ఒక నోట్‌బుక్‌లో రాయండి. తెల్ల ప్లగ్గు కథ ఇంటర్వ్యూలో చెప్పాల్సింది ఈ పుస్తకం తెరిచే. లక్షణం ఏమిటి, ఏ కారణాలు అనుకున్నారు, వాటిని ఎలా కొట్టిపారేశారు, సరిచేశాక అంకెలు ఎలా మారాయి. మెయింటెనెన్స్, టెస్ట్ ఉద్యోగాలకు ఇంటర్వ్యూ చేసేవాళ్లు వినాలనుకునేది అదే. ఒక్క భ్రమ మాత్రం పెట్టుకోకండి. అసలు విమానాల మెయింటెనెన్స్ లైసెన్సుకు ఈ అనుభవం లెక్కలోకి రాదు, దానికి వేరే పరీక్షలు, అసలు విమానాల మీద పని కావాలి.

పని బాగా చేస్తారని పేరొస్తే "మాదీ బిగించి పెడతావా, డబ్బులిస్తాం" అనేవాళ్లు వస్తారు. అప్పుడు తొందరపడకండి. స్టూడెంట్ వీసా మీద స్వయం ఉపాధి నిషిద్ధం, స్నేహితుడి కోసం చేసినా డబ్బు తీసుకుంటే చిక్కే. గ్రాడ్యుయేట్ వీసా మీద చేయొచ్చు. స్కిల్డ్ వర్కర్ అయితే అదనపు పనికి షరతులున్నాయి, ముందే సలహాదారును అడగండి. ఏడాదికి 1,000 పౌండ్లు దాటి వస్తే పన్ను శాఖలో నమోదు కావాలి. మీరు బిగించిన ఇంజన్ గాల్లో ఊడిపడితే బాధ్యత ఎవరిదో బీమా కంపెనీతో రాతపూర్వకంగా తేల్చుకోండి. ఈ మూడూ తేలేదాకా ఎవరి దగ్గరా ఒక్క పౌండు కూడా తీసుకోకండి.